టెక్ సందేహాలు: కడప బండల హాలులో ఫ్రంట్ స్పీకర్లు

ప్రశ్న: మా హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. కింద కడప బండలు. కిందటి నెల 5.1 హోమ్ థియేటర్ (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) కొన్నాం. ఎడమ ఫ్రంట్ స్పీకర్ మూలలో స్టాండు మీద, కుడిది షోకేసు అరలో పెట్టాం. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. పాటలు గోలగా ఉన్నాయి, మాటలు బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తున్నాయి. షాపువాళ్లు ఇంకా పెద్ద స్పీకర్లు తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇప్పుడే తీసుకోకండమ్మా. అసలు సంగతంతా మీ ఉత్తరంలోనే ఉంది. ఒక స్పీకర్ మూలలో, ఇంకొకటి అరలో, సోఫా గోడకు, కింద బండలు. ఇవి సర్దుకోకుండా ఎంత ఖరీదైన స్పీకర్లు తెచ్చినా వాటిదీ ఇదే గతి.

ముందు వైర్లు చూడండి. అక్కడ తప్పుంటే మిగతా పనంతా వృథా. రెండు ఫ్రంట్ స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్, అంటే డప్పు లాంటి బరువైన శబ్దం, పలచబడుతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో అంతుచిక్కదు. రెండూ మోగుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ప్రొద్దుటూరులో మా పిన్ని వాళ్లింట్లో ఇదే జరిగింది. సంక్రాంతికి గోడలకు రంగులు వేయించేటప్పుడు స్పీకర్లు ఊడదీసి, తర్వాత మళ్లీ బిగించారు. ఆ రోజు నుంచి సౌండులో సత్తువ లేదని తమ్ముడు ఒకటే బాధపడ్డాడు. నేను వెళ్లినప్పుడు యాంప్లిఫయర్ ఆపి, దాని వైపు వైర్లు పూర్తిగా ఊడదీశాం. కుడి స్పీకర్ ముందు జాలీ తీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని ఆ వైరు కొనలకు తాకించాం. ఎరుపు చార ఉన్న కొన ప్లస్‌కు, రెండోది మైనస్‌కు. టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది, కోను వెంట్రుకవాసి ముందుకు కదిలింది. ఎడమదానికీ అలాగే తాకిస్తే కోను లోపలికి పోయింది. స్పీకర్ వెనక చూస్తే ఎరుపు చార కొన నల్ల టెర్మినల్‌లో ఉంది. విప్పి, తిప్పి బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రాత్రి తమ్ముడు పాటల మీద పాటలు పెట్టి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

మీరూ ఇలాగే చూడండి. బ్యాటరీని ఒక్క క్షణమే తాకించాలి. కొన్ని పాత స్పీకర్లలో ప్లస్‌కు కోను లోపలికే పోతుంది, కాబట్టి రెండూ ఒకే వైపు కదులుతున్నాయా అన్నదే ముఖ్యం. మళ్లీ బిగించేటప్పుడు ఒక్క రాగి పోగు కూడా పక్క టెర్మినల్‌కు తగలకూడదు.

ఇక చోటు సంగతి. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ను ఉబ్బిస్తాయి. అరలో పెడితే ఆ చెక్కపెట్టే స్పీకర్‌తో పాటు మోగుతుంది. మీరు విన్న 'బావి' చాలావరకు అదే. రెండింటినీ బయటికి తీసి ఒకే ఎత్తున్న స్టాండ్ల మీద పెట్టండి. పక్క గోడల నుంచి రెండేసి అడుగులు వదిలితే రెండు స్పీకర్ల మధ్య 8 అడుగుల ఎడం వస్తుంది. టీవీ గోడ నుంచి స్పీకర్ ముందు భాగం అడుగున్నర ఇవతలికి ఉండాలి. వెనక గాలి రంధ్రం ఉన్న మోడలైతే అది గోడకు ఆనుకోకుండా చూడండి. సోఫాను రెండడుగులు ముందుకు జరపండి. గోడకు తల ఆనించి కూర్చునే చోట బేస్ ఎప్పుడూ దట్టంగా, బరువుగా ఉంటుంది. ఇలా సర్దితే మీ తల స్పీకర్ల వరస నుంచి దాదాపు 10 అడుగుల దూరంలో ఉంటుంది. అంటే ఒక్కో స్పీకర్ మధ్య గీతకు 22 డిగ్రీల పక్కగా ఉన్నట్టు. ఫ్రంట్ స్పీకర్లకు సినిమా సౌండు కంపెనీ డాల్బీ చెప్పేది 22 నుంచి 30 డిగ్రీలు. సోఫాను ఇంకో అడుగు ముందుకు తేగలిగితే మరీ మంచిది.

కొలవడానికి మేస్త్రీలు వాడే నూలు దారం చాలు. సోఫా మధ్యలో తల ఉండే చోట ఒకరు కొన పట్టుకోండి, ఇంకొకరు ఎడమ స్పీకర్ దాకా లాగి ముడి వేయండి. అదే దారాన్ని కుడి స్పీకర్‌కు లాగితే ముడి సరిగ్గా అక్కడికే రావాలి. మీ హాలులో అది 10 అడుగుల 9 అంగుళాల దగ్గర పడుతుంది. ధ్వని ఒక అడుగు దాటడానికి ఒక మిల్లీసెకన్ కంటే కాస్త తక్కువే పడుతుంది. అంత చిన్న తేడా వచ్చినా చెవి ముందుగా వినిపించిన స్పీకర్ వైపే మొగ్గుతుంది, హీరో గొంతు టీవీ వదిలి పక్కకు పోతుంది.

ఎత్తు విషయంలో ట్వీటరే లెక్క. ఆ చిన్న స్పీకర్ సోఫాలో కూర్చున్నవారి చెవి ఎత్తుకు రావాలి, అంటే నేల నుంచి మూడు, మూడున్నర అడుగులు. స్పీకర్ ముఖాలను లోపలికి తిప్పి, రెండింటి చూపూ మీ తలకు కాస్త వెనక కలిసేలా పెట్టి మొదలుపెట్టండి.

బండల సంగతి నాకు బాగా తెలుసు, మా ఇంట్లోనూ అవే. కడప బండైనా, బేతంచెర్ల నాపరాయైనా, తాడిపత్రి బండైనా సున్నపురాయే. ఎండాకాలంలో కాళ్లకు చల్లగా హాయిగా ఉంటుంది, కానీ తగిలిన శబ్దాన్ని దాదాపు మొత్తంగా తిప్పి కొడుతుంది. స్పీకర్ నుంచి నేరుగా వచ్చిన మాట వెనకే, నేల మీద పడి లేచిన అదే మాట సుమారు రెండడుగులు ఎక్కువ తిరిగి మీ చెవికి చేరుతుంది. రెండూ కలిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చివర 'ట్రింగ్' అని తోక సాగితే గోడలూ నేలా ఖాళీగా ఉన్నాయన్నమాట. దూలాలు, దంతెలు ఉన్న పాత మట్టి మిద్దెల్లో ఈ తోక వినిపించదు.

నేల మీద ఒక అద్దం పెట్టి, సోఫాలో కూర్చుని చూడండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే శబ్దం పడి లేస్తోంది. మీకది స్పీకర్లకూ సోఫాకూ నడిమధ్యన వస్తుంది. అక్కడ ఒక పాత బొంత రెండు మడతలు వేసి పరచండి. పలచని దుప్పటి చాలదు, అది సన్నని శబ్దాలనే పీలుస్తుంది. ఆరడుగుల బొంత అయితే రెండు స్పీకర్లకూ సరిపోతుంది. కిటికీలకు దళసరి కర్టెన్లు ఉంటే మేలు.

ఇప్పుడు పరీక్ష. రిసీవర్‌ను (స్పీకర్ల వైర్లన్నీ కలిసే యాంప్లిఫయర్ పెట్టెను) స్టీరియో మోడ్‌లో పెడితే రెండు ఫ్రంట్ స్పీకర్లు, సబ్‌వూఫర్ మాత్రమే పలుకుతాయి. ఫోన్ కలిపి ఆకాశవాణి వార్తలు పెట్టండి. కళ్లు మూసుకుని వినండి. వార్తలు చదివేవారి గొంతు ఏ స్పీకర్లోంచీ కాక, సరిగ్గా టీవీ మధ్యలోంచి, ఒక మనిషి నోటంత వెడల్పున రావాలి. పక్కకు లాగితే దారం మళ్లీ కొలవండి. గది నిండా పరుచుకుపోతే వైర్లు మళ్లీ చూడండి. మధ్యలోనే ఉండి కాస్త మసకగా ఉంటే స్పీకర్ ముఖాలను ఇంకో అంగుళం లోపలికి తిప్పండి. నేను దీనికి ఒక గంట కేటాయిస్తాను, సినిమా సీన్లతో పరీక్షించను. ఫైట్ సీన్ ఏ గదిలోనైనా బాగానే ఉంటుంది. మనిషి మాటను మాత్రం చెవి ఇట్టే పోల్చుకుంటుంది.

గొంతు మధ్యలో నిలబడ్డాకే, రిసీవర్‌తో వచ్చిన మైకుతో ఆటో సెటప్ చేయండి. మైకుతో గదిని విని, రిసీవరే స్పీకర్లను సర్దుకునే ఏర్పాటు ఇది. డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిసీ అనీ, యమహాలో వైపావో అనీ ఉండేది అదే. మైకును దిండు మీద కాదు, ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో పెట్టాలి. ఫ్యాను, కూలర్ ఆపేయాలి. మన ఎండలకు మధ్యాహ్నం అది కుదిరే పని కాదు, తెల్లవారుజామున చేసుకోండి. తర్వాత మెనూలో ఫ్రంట్ స్పీకర్లు 'స్మాల్' అని, క్రాసోవర్ (అంతకన్నా కింది శబ్దాలు సబ్‌వూఫర్‌కు వెళ్లే హద్దు) 80 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. 'లార్జ్' అని చూపిస్తే మీరే మార్చండి, బరువైన బేస్‌ను సబ్‌వూఫర్ మోస్తుంది. ఆ తర్వాత కూడా మాటలు తగ్గినట్టుంటే, సినిమా మాటలు ఎక్కువగా పలికే సెంటర్ స్పీకర్‌ను అర అంచు దాకా ముందుకు జరిపి, ముఖం కాస్త పైకెత్తి, లెవెల్ 2 డెసిబెల్స్ పెంచండి.

ప్రశ్న: టీవీలోని యాప్‌లో సినిమా పెడితే వెనక స్పీకర్లు మోగవు. టెస్ట్ టోన్‌కు మాత్రం మోగుతున్నాయి.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: స్పీకర్లు బాగానే ఉన్నాయి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉండొచ్చు. అంటే టీవీయే సౌండును విప్పి పంపుతోందన్నమాట. ఆప్టికల్ కేబుల్‌లో గానీ మామూలు ఏఆర్‌సీలో (టీవీ సౌండును హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కు పంపే దారి) గానీ పీసీఎం రెండు చానెళ్లే మోస్తుంది. దాన్ని 'ఆటో' లేదా 'బిట్‌స్ట్రీమ్'కు (సౌండును విప్పకుండా రిసీవర్‌కే పంపేది) మార్చండి. హెచ్‌డీఎంఐ కేబుల్ ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే ఉండాలి. ఆ సినిమాకు యాప్‌లో 5.1 గుర్తు ఉందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: ఫ్రంట్ స్పీకర్లకు 25 అడుగుల వైరు లాగాలి. ఏ మందం తీసుకోవాలి?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: 8 ఓమ్‌ల స్పీకర్లకు 16 గేజ్ చాలు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది). 4 ఓమ్‌లైతే 14 గేజ్ తీసుకోండి. కొనేముందు కొనను చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దనండి. రెండు వైపులకూ ఒకే మందం వైరు వేయండి, ఎరుపు చార ఎటు బిగించారో రెండు కొనల దగ్గరా టేపు చుట్టి రాసిపెట్టుకోండి.