మోకాలి చిప్ప కింద ఉబ్బు, గెంతితే నొప్పి: మీ 13 ఏళ్ల అబ్బాయికి ఆట మాన్పించాలా?

చాలావరకు ఇది ఆస్‌గుడ్-ష్లాటర్ అనే, ఎదిగే పిల్లల్లో వచ్చే మోకాలి సమస్య. ఎత్తు వేగంగా పెరిగే వయసులో బిగుసుకున్న తొడ కండరం, చిప్ప కింద ఇంకా గట్టిపడని ఎముక భాగాన్ని పదేపదే లాగుతుంది. నొప్పి, ఉబ్బు అందుకే.

1. ఆట పూర్తిగా మాన్పించకండి. బరువు పడితేనే ఎముక బలపడుతుంది. నొప్పి పెంచే గెంతులు, పరుగులు మాత్రం కొన్ని వారాలు తగ్గించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: తొడ ముందు భాగాన్ని సాగదీయడం. ఒళ్లు కాస్త వేడెక్కాక గోడ పట్టుకుని నిలబడి, మడమను పిరుదు వైపు తెచ్చి 30 సెకన్లు ఆపాలి. రెండు మోకాళ్లూ పక్కపక్కనే ఉండాలి, నడుము ముందుకు వంగకూడదు. మోకాలు నొప్పెడితే అంత లాగొద్దు. రెండు కాళ్లకీ, రోజూ. నొప్పి తగ్గగానే చాలామంది ఆపేస్తారు, దాంతో నొప్పి మళ్లీ రావచ్చు. ఎత్తు పెరుగుతున్నంత కాలం చేయించండి, దయచేసి.

3. ఆట అయ్యాక గుడ్డలో చుట్టిన ఐస్, 10-15 నిమిషాలు.

ఉబ్బు కొంత మిగిలిపోవచ్చు, దానికి టెన్షన్ వద్దు. ఎదుగుదలా ఆగదు. కానీ రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కాలు మోపలేకపోవడం ఉంటే వెంటనే ఎముకల డాక్టర్‌కి చూపించండి.