విమానయాన సంస్థల స్టేటస్ కోసం పనిగట్టుకుని ప్రయాణాలు చేయడం లాభమేనా?

ఉద్యోగరీత్యా ఎలాగూ ఒకే సంస్థ విమానాల్లో తరచూ తిరిగేవారికి స్టేటస్ (తరచూ ప్రయాణించేవారికి సంస్థ ఇచ్చే ప్రత్యేక హోదా) లాభమే. దానికోసమే అదనంగా టికెట్లు కొనేవారికి మాత్రం చాలావరకు నష్టమే.

స్టేటస్ శాశ్వతం కాదు. సాధారణంగా ఏడాదిలో నిర్ణీత లెక్క చేరాలి, గడువు ముగిశాక మళ్లీ మొదటినుంచి సంపాదించుకోవాలి. ఒకప్పుడు చవక టికెట్లతో దూరాలు తిరిగి దాన్ని దక్కించుకునేవారు. ఆ దారిని సంస్థలే మూసేస్తున్నాయి: అమెరికా విమానయాన సంస్థ డెల్టా 2024 నుంచి దూరాన్ని పక్కనపెట్టి, ఖర్చునే లెక్కలోకి తీసుకుంటోంది.

ఉదాహరణకు స్టార్ అలయన్స్ అనే విమానయాన సంస్థల కూటమిలో గోల్డ్ స్టేటస్ ఉంటే ఎకానమీ టికెట్‌తోనూ లాంజ్ (విమానాశ్రయంలోని ప్రత్యేక విశ్రాంతి గది) ప్రవేశం, ముందుగా విమానం ఎక్కే వీలు, సామానును బరువు లెక్కన అనుమతించే చోట అదనంగా 20 కిలోలు దొరుకుతాయి. నెలనెలా ఎగిరేవారికి ఇవి నిజంగా పెద్ద ఊరట. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారు అదనపు సామానుకో, లాంజ్‌కో అవసరమైన రోజున విడిగా డబ్బు కట్టుకుంటే సరిపోతుంది. బిజినెస్ క్లాసులోనే వెళ్లేవారికైతే వీటిలో చాలావరకు టికెట్‌తోనే వస్తాయి.

మైళ్లు (సంస్థ ఇచ్చే పాయింట్లు) కూడబెడితే స్టేటస్ దానంతటదే వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎక్కువ సంస్థల్లో ఈ రెండు లెక్కలూ వేరు. మైళ్లు ఉచిత టికెట్లకు వాడుకునేవి. క్రెడిట్ కార్డు కొనుగోళ్లతోనూ పోగవుతాయి. స్టేటస్ లెక్క ప్రధానంగా ప్రయాణాలతోనే పెరుగుతుంది, మైళ్లు వాడుకున్నా తగ్గదు.