పాత దస్తావేజుల నిపుణుడు నికొలాయ్ లిఖచోవ్ పని ఇప్పటికీ పనికొస్తుందా?

నాకైతే పనికొచ్చింది. ఎలాగో చెప్తాను. ముందు ఒక మాట: సాహిత్య పండితుడు ద్మీత్రి లిఖచోవ్ వేరు, ఈయన వేరు. ఈ రష్యన్ చరిత్రకారుడు 1862లో చిస్తోపోల్ అనే ఊళ్లో పుట్టి, 1936లో లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి పీటర్స్‌బర్గ్) కన్నుమూశారు.

పీటర్స్‌బర్గ్‌లో చదువుకునే రోజుల్లో మా మేడం నాకొక మఠం భూముల దస్తావేజు ఇచ్చి కాలం తేల్చమన్నారు. అందులో రాసిన సంవత్సరం 7189. సృష్టి మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టే పాత రష్యన్ పద్ధతి అది, మన లెక్కలో 1680-81. రెండు వారాలు భాషతో కుస్తీ పట్టి, 17వ శతాబ్దపు అసలు పత్రమేనని రాసిచ్చాను. మేడం ఏమీ అనకుండా కాగితం కింద లైటు పెట్టారు. నోటును వెలుతురుకు పట్టుకుంటే గాంధీగారి బొమ్మ కనిపించినట్టు, కాగితం లోపల 1794 అన్న అంకెలు తేలాయి! నేను అసలు అనుకున్నది వందేళ్లు దాటాక తీసిన నకలు.

ఆ రోజే లిఖచోవ్ పుస్తకం తెరిచాను. పాత కాగితాల వాటర్‌మార్కుల మీద 1899లో మూడు భాగాలుగా వేశారు. 4 వేలకు పైగా గుర్తులున్నాయి. పూర్వం కాగితాన్ని తీగల జల్లెడ లాంటి అచ్చుతో గుజ్జులోంచి ఎత్తేవారు. ఆ అచ్చుకు కుట్టిన తీగ బొమ్మే వాటర్‌మార్కు. వాడేకొద్దీ తీగ వంగిపోతుంది, కొన్నాళ్లకు అచ్చే మార్చాలి. అందుకే ఒక గుర్తు అచ్చంగా అదే రూపంలో కొన్నేళ్లే కనబడుతుంది. తేదీ ఉన్న పత్రాల్లోని గుర్తులు పోగేసుకుంటే, తేదీ లేనివాటిని వాటితో పోల్చి చూడొచ్చు. పీటర్ చక్రవర్తికి ముందు రష్యా వాడిన కాగితం దాదాపు అంతా దిగుమతే కాబట్టి, ఆయన పశ్చిమ యూరప్ కాగితాలన్నీ గాలించాల్సి వచ్చింది. రష్యా జార్ ఇవాన్ ది టెర్రిబుల్ కాలపు బొమ్మల చరిత్ర గ్రంథం 16వ శతాబ్దపు ఫ్రెంచి కాగితం మీద ఉందని ఆయన చూపించారు. అంత పెద్ద గ్రంథం ఎప్పటిదన్న వాదనలో ఆ కాగితమే బలమైన సాక్ష్యమైంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కాగితం కొని ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్లూ ఉంటారు. రాత కాగితం కంటే ముందుది కాలేదన్నది మాత్రం ఖాయం.

ఇక ఆయన సేకరణ. బాబిలోన్ మట్టి పలకల దగ్గర్నుంచి రోమ్ మతగురువులైన పోప్‌ల ముద్రల దాకా సొంత డబ్బుతో కొని, 1918లో ప్రభుత్వానికి అప్పగించారు. అంత చేసిన మనిషిని 1930లో కల్పిత కేసులో అరెస్టు చేసి దూరాన ఉన్న ఆస్త్రాఖాన్ నగరానికి ప్రవాసం పంపారు, అకడమీషియన్ (సైన్సెస్ అకాడమీ సభ్యుడు) హోదా లాగేశారు. దాన్ని తిరిగి ఇచ్చింది 1968లో, ఆయన పోయిన 32 ఏళ్లకు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మట్టి పలకలు పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియానికి వెళ్లాయి. ఆయన ఉన్న ఇంట్లోనే ఇప్పుడు పీటర్స్‌బర్గ్ చరిత్ర సంస్థ నడుస్తోంది.

ఆ మఠం దస్తావేజు గురించి నేను రాసిన పేజీ కొట్టేసి, "నకలు, 1794కు ముందుది కాదు" అని మళ్లీ రాసిచ్చాను.