నాయిన ఎకరం అమ్ముతా అంటుండు, చెల్లె లగ్గం ఎట్ల చేయాలె?

నల్గొండ జిల్లా నాంపల్లి మండలం నుంచి ఒక తమ్ముడు రాసిండు. మాఘంల చెల్లె లగ్గం. బంగారం అమ్మ పాతది మార్చి చేయిస్తున్నరు, అది పక్కన పెడితే ఖర్చు 11 లక్షలు అయితదట, చేతిల బత్తాయి పైసలు, చిట్టి పైసలు కలిపి 6 లక్షలే ఉన్నయి. మిగతా 5 లక్షలకు నాయిన ఎకరం అమ్ముతా అంటుండు, లేకుంటే రెండు రూపాయల మిత్తికి తెస్తా అంటుండు. మందిని తగ్గిద్దాం అన్నందుకు నాయిన మాట్లాడుడు బంద్ చేసిండు, చెల్లె నావల్లనే ఇదంతా అని ఏడుస్తుందట. తమ్మునికి హైదరాబాద్‌ల 24 వేల జీతం.

తమ్ముడూ, నువ్వు పంపిన లిస్టు మొత్తం చూసిన. నాయిన రాయించిన ప్రతి ఖర్చు పక్కన తగ్గించాలె అని రాసినవు, ఒక్కదాని పక్కన తప్ప. ఫొటోలు, డ్రోన్, ప్రీ వెడ్డింగ్ షూట్ కలిపి 1,20,000 పెట్టినవు, అది నీ కోరికనే అని తెలుస్తనే ఉంది. ముందు దాని మీద గీత కొట్టు. 40 వేలల్ల మంచి ఆల్బమ్, వీడియో వస్తయి. నీది నువ్వు కొట్టేసుకున్నంకనే నాయిన ముందర కూసో, లేకపోతే పట్నంల నౌకరి చేసే కొడుకు నాకే లెక్కలు చెప్తుండు అన్నదొక్కటే ఆయనకు వినపడ్తది.

నలుగురిల మాట్లాడకు, పాలోళ్ళ ముందర అసలే మాట్లాడకు. రాత్రి బువ్వ తిన్నంక అమ్మను, మేనమామను కూసోబెట్టుకొని అడుగు, నాయినా నువ్వు ఏం లేకుంటే తల ఎత్తుకోలేవో చెప్పు అని. నాకు తెలిసి ఆయన మటన్ అంటడు, పెట్టుపోతలు అంటడు, ఇంకేమన్న ఒకటి చెప్తడు. అవి ముట్టుకోకు. ఆయన ఇన్నేండ్లు అందరి లగ్గాలల్ల తిని వచ్చిండు, ఇప్పుడు పెట్టకపోతే ఏమంటరో అన్న భయం ఆయనది, దాన్ని పిచ్చి అనుకోకు.

అసలు పైసలు పోయేది ఇస్తర్ల దగ్గర. 1,200 మంది, మనిషికి 400 అంటే 4,80,000. అదే 700 మందైతే 2,80,000, మటన్ మటన్‌ లెక్కనే ఉంటది. ఊరోళ్ళను, చుట్టాలను తీసెయ్యమని చెప్తలేను, నువ్వు రాసిన దాంట్ల నీ ఆఫీసోళ్ళు, రూమ్మేట్లు, నాయినకు ముఖపరిచయం ఉన్న లీడర్లు ఎంతమందో చూడు. దేవరకొండ ఫంక్షన్ హాల్, డెకరేషన్ కలిపి 2,20,000 అన్నవు, ఇంటి ముందర టెంటు, మండపం వేస్తే 60 వేలు అని నువ్వే రాసినవు. ఫొటోలు, ఇస్తర్లు, హాల్ ఈ మూడు కలిపితే 4,40,000 తగ్గుతది. మిగిలిన 60 వేలు అమ్మ మహిళా సంఘంల లోన్ తీసుకుంటే అయిపాయె. నాయిన హాల్ కావాల్సిందే అంటే మందిని ఇంకా తగ్గించాలె, రెండూ కావాలంటే కుదరదని మేనమామ తోని చెప్పియ్యి.

మిత్తికి మాత్రం తేవద్దు. రెండు రూపాయలంటే 5 లక్షలకు నెలకు 10 వేలు, ఏడాదికి 1,20,000, అసలు అట్లనే ఉంటది. అది కట్టేది నీ 24 వేలల్లకెళ్ళే.

సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 వస్తది కదా, కట్నాలు చదివిస్తరు కదా అని నాయిన అంటుండని రాసినవు. రానియ్యి, కానీ బడ్జెట్‌ల కలపకు. ఆ చెక్కు పెళ్ళి ముందు చేతికి వస్తదన్న నమ్మకం పెట్టుకోకు, బిడ్డ పుట్టినంక వచ్చిందని నవ్వుకునేటోళ్ళు ఊరికొకరు ఉంటరు. ఇక చదివింపులు ఎక్కువగా మనం లోగడ పెట్టినయే తిరిగొస్తయి, కొత్తగ పెట్టినోళ్ళకు రేపు మనం పెట్టాలె, పుస్తకంల రాసి పెట్టేది అందుకే కదా.

ఎకరం సంగతి. తాతల నాటి భూమి అయితే దాంట్ల చెల్లెకు నీతో సమానంగ హక్కు ఉంది, దేశమంతటా 2005ల చట్టం మార్చిండ్రు, మన దగ్గరైతే ఎన్టీఆర్ కాలంలనే వచ్చింది. ఆమెదాన్నే అమ్మి ఆమె లగ్గంల ఒక్క పూట దావత్ పెడ్తరా? ఇది నాయినతో కొట్లాటకు వాడకు, చెల్లెను పక్కన కూసోబెట్టుకొని ఆమెనే అడగు. నావల్లనే అని ఏడ్చే పిల్లకు ఇంతవరకు ఎవ్వరూ నీకేం కావాలె అని అడగలేదు, నీ లెటర్‌ల కూడా ఆమె మాట ఒక్కటి లేదు.

చివర్ల ఒక్క లైన్ రాసి వదిలేసినవు, నిశ్చయం అయినంక పిల్లగానోళ్ళు బండి అడుగుతున్నరని. అది లిస్టుల లేదు, నాయినకు తెలుసో లేదో కూడా రాయలేదు. అది కట్నమే తమ్ముడూ, ఇచ్చుడు తీసుకునుడు రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే. ఇయ్యాల బండి అంటరు, పండుగకు ఇంకోటి అంటరు. నువ్వు ఫోన్‌ల గొడవ పెట్టుకోకు, మేనమామను, పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషిని పంపి మా శక్తి ఇంతే అని మొఖం మీద చెప్పియ్యి. కార్డులు కొట్టియ్యకముందే పంపు.