టురిన్‌లో గ్రుషినా, గొంచరోవ్‌లకు కాంస్యం మిగతావాళ్లు పడిపోవడం వల్లే వచ్చిందా?

ప్రశ్న ఇదీ: 2006 టురిన్ ఒలింపిక్స్ ఐస్ డ్యాన్స్‌లో (స్కేట్లు కట్టుకుని జంటగా మంచు మీద చేసే డ్యాన్స్ పోటీ) పేరున్న జంటలు వరసపెట్టి పడ్డాయి కదా, ఉక్రెయిన్ జంట ఎలెనా గ్రుషినా, రుస్లాన్ గొంచరోవ్‌లకు పతకం అలా కలిసొచ్చిందేనా?

కాదు. ఆ పతకం వెనక ఎనిమిదేళ్ల ప్రయాణం ఉంది. ఒడెసాలో పుట్టిన ఈ ఇద్దరూ 1998లో నగానోలో 15వ స్థానంలో, 2002లో సాల్ట్ లేక్ సిటీలో 9వ స్థానంలో నిలిచారు. 2005 మాస్కో ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2005, 2006 యూరప్ పోటీల్లో రజతం. అంటే టురిన్‌కి వచ్చేనాటికే వాళ్లు పతకానికి దగ్గరగా ఉన్న జంట.

9 నుంచి 3కి ఎలా వచ్చారో చూడాలంటే 2002 జాబితా ముందు పెట్టుకోండి. అనిసినా–పైజెరా, లొబచేవా–అవెర్బుఖ్, బోర్న్–క్రాట్జ్, విన్‌క్లర్–లోజె, ఈ నాలుగు జంటలూ 2004లోగా పోటీలు మానేశాయి. ఈ ఆటలో పైవాళ్లు తప్పుకుంటేనే కిందివాళ్లకు దారి దొరికేది, ఎందుకంటే అప్పటి 6.0 మార్కుల పద్ధతిలో (జడ్జీలు ఇచ్చే గరిష్ఠ మార్కు 6.0) మొదటి కంపల్సరీ డ్యాన్స్‌లో, అంటే అన్ని జంటలూ ఒకే డ్యాన్స్ చేసే విభాగంలో, పడిన వరస చివరిదాకా అంత తేలిగ్గా కదిలేది కాదు. 2002లో 10వ స్థానంలో ఉన్న నవ్కా, కొస్తొమరోవ్‌లే టురిన్‌లో స్వర్ణం గెలిచారంటే ఆ నాలుగేళ్లలో ఎంత మారిందో తెలుస్తుంది.

రెండో కారణం మార్కుల పద్ధతే మారడం. సాల్ట్ లేక్‌లో జడ్జీల మార్కులపై రేగిన వివాదం తర్వాత వచ్చిన కొత్త పద్ధతిలో ప్రతి లిఫ్ట్‌కి, స్పిన్‌కి, అడుగుల వరసకి విడివిడిగా లెవెల్ (ఎంత కష్టమైనదో చెప్పే స్థాయి), నాణ్యత మార్కులు పడతాయి. ఆ పద్ధతిలో జరిగిన తొలి ప్రపంచ పోటీలు మాస్కోవే. వీళ్ల తొలి ప్రపంచ పతకం అక్కడే వచ్చింది. నా లెక్కలో ఇది యాదృచ్ఛికం కాదు.

ఇక పడిపోవడాల సంగతి. ఫిబ్రవరి 17న కంపల్సరీ డ్యాన్స్ రావెన్స్‌బర్గర్ వాల్ట్జ్‌తో ఇటలీ జంట ఫుజార్ పోలి, మర్గాల్యో మొదటి స్థానంలో నిలిచారు. 19న లాటిన్ తాళాల ఒరిజినల్ డ్యాన్స్‌లో (రెండో విభాగం) చివరి క్షణాల్లో పడి కిందికి జారారు. కెనడా జంటలో మారీ-ఫ్రాన్స్ డ్యుబ్రాయ్ లిఫ్ట్‌లోంచి పడి, గాయంతో తప్పుకోవాల్సి వచ్చింది. తిరిగే లిఫ్ట్ ప్రోగ్రామ్ చివర్లో ఎక్కువగా చెడటానికి కారణం కాళ్లు. అలసట వల్ల ఎత్తే అతని మోకాలి వంపు తగ్గుతుంది, దాంతో బ్లేడ్ అంచు మీద పట్టు సడలుతుంది. ఎత్తిన ఆమె తుంటి అతని కాలి మీదుగా నిలవకుండా కాస్త బయటికి జరిగినా చాలు, తిరిగే వేగమే ఇద్దర్నీ పక్కకి లాగేస్తుంది. పడితే కోత ఒక్క మార్కే అనుకోవద్దు. ఆ లిఫ్ట్ లెవెల్ పోతుంది, నాణ్యత మార్కు అట్టడుక్కి పడుతుంది.

గ్రుషినా జంట నిలబడింది. 20న చివరి విభాగం ఫ్రీ డ్యాన్స్ అయ్యాక మొత్తం మార్కులు: నవ్కా, కొస్తొమరోవ్ 200.64, అమెరికా జంట బెల్బిన్, అగోస్టో 196.06, గ్రుషినా, గొంచరోవ్ 195.85. రజతానికి 0.21 దూరం! ఒక్క ఎలిమెంట్‌లో లెవెల్ ఒకటి పెరిగినా సరిపోయేది. అందుకే 'కలిసొచ్చింది' అనే మాట నాకు నచ్చదు, వాళ్లు రజతం అంచుదాకా వెళ్లారు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు, అతనికి 33. ఒలింపిక్ ఐస్ డ్యాన్స్‌లో ఉక్రెయిన్‌కి అదే తొలి పతకం.

వీడియో దొరికితే మొహాలు వదిలేసి పాదాలు చూడండి. దగ్గరి పట్టులో ఇద్దరి కాళ్ల మధ్య జానెడు ఖాళీ కూడా ఉండదు. అందుకే ఐస్ డ్యాన్స్ బ్లేడ్ మడమ వెనక సింగిల్స్ బ్లేడ్ కంటే సుమారు 2.5 సెంటీమీటర్లు పొట్టిగా ఉంటుంది, లేకపోతే వెనక్కి జారేటప్పుడు ఒకరి బ్లేడ్ ఇంకొకరికి తగులుతుంది. ట్విజిల్స్‌లో (ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూ ముందుకు సాగడం) ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపుతున్నారా, మధ్య దూరం పెరుగుతోందా, తిరుగుడు ఆగకుండా ముందుకు సాగుతోందా అన్నది గమనించండి. ఆగి ఆగి తిరిగితే అది ట్విజిల్ కాదు, మామూలు త్రీ టర్న్‌ల (ఒంటికాలి మీద సగం తిరుగుడు) వరసే. రావెన్స్‌బర్గర్ వాల్ట్జ్ లాంటి కంపల్సరీ డ్యాన్స్‌ల విభాగాన్ని 2010 తర్వాత తీసేశారు. ఇద్దరి అంచులూ ఎంత లోతుగా ఉన్నాయో పక్కపక్కన పోల్చి చూడటానికి ఆ పాత వీడియోలను మించినవి లేవు.