హోమ్ ఫెన్‌లో ఇనుప స్తంభం ఎందుకు బయటపడింది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో చదువుతున్న మా అబ్బాయి, దగ్గర్లోని హోమ్ ఫెన్‌లో ఒక ఇనుప స్తంభం పక్కన నిలబడి దిగిన ఫొటో పంపాడు. అది వాడికి రెండింతల ఎత్తుంది. 1851 ప్రాంతంలో పాతినప్పుడు దాని కొన నేలమట్టానికే ఉండేదట. నేల అంతగా దిగిపోతుందా? మళ్లీ పూడుతుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అడుగున ఉన్న బంకమట్టిలోకి దించిన ఓక్ గుంజల మీద నిలిచింది కనుక స్తంభం కదలలేదు. చుట్టూ ఉన్న పీట్ నేల సుమారు 4 మీటర్లు కుంగింది. నీట మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకున్న రెల్లు, నాచు, కొమ్మల పొరలే పీట్. మన నర్సరీల్లో వాడే కోకోపీట్ కొబ్బరి పీచు పొట్టు, దానికీ దీనికీ పోలిక పేరులోనే.

మంచుయుగం ముగిశాక సముద్రమట్టం పెరిగి, నదుల నీరు కడలికి పోయే దారి మందగించడంతో, ఆ పల్లపు ప్రాంతంలోని ఓక్ అడవులు నీరు నిలిచి చచ్చిపోయాయి. కూలిన మానులను పీట్ కప్పేసింది. ఇప్పటికీ దున్నుతుంటే బొగ్గులా నల్లబడిన దుంగలు నాగలికి తగులుతుంటాయి. 2012లో నార్‌ఫోక్‌లోని ఒక పొలంలో బయటపడిన 13 మీటర్ల పైచిలుకు దుంగ వయసు సుమారు 5,000 ఏళ్లు. దాని చెక్క బల్ల చేయడానికి పనికివచ్చేంత గట్టిగా ఉంది.

17వ శతాబ్దంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు కోసం డచ్ ఇంజనీరు వెర్ముయ్‌డెన్ కాలువలు తవ్వించి ఆ చిత్తడిని సాగులోకి తెచ్చాడు. ఆరిన కొద్దీ పొలాలు కుంగి నదులు ఎత్తున మిగలడంతో, గాలిమరలతోనూ తర్వాత ఆవిరి యంత్రాలతోనూ నీటిని ఎత్తిపోయవలసి వచ్చింది. 1851లో విటిల్సీ మియర్ అనే పెద్ద సరస్సును కూడా తోడేశారు. నేల ఎంత దిగుతుందో కొలవడానికే భూస్వామి విలియం వెల్స్ ఈ స్తంభం పాతించాడు. 1860 నాటికే అది దాదాపు మీటరున్నర బయటపడింది. నీరు పోగానే పీట్ అణుగుతుంది, గాలి చొరబడగానే సూక్ష్మజీవులు దాన్ని తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా వదులుతాయి, మిగిలిన నల్లటి పొడిని వేసవికి ముందరి ఈదురుగాలులు ఎగరేసుకుపోతాయి.

నన్ను ఎక్కువ బాధించేది మరొకటి. ఏ కాలంలో ఏ చెట్లుండేవో, ఎప్పుడు అడవి నరికి పైరు వేశారో చెప్పే పుప్పొడి రేణువులు ఆ పొరల్లోనే నిలవ ఉంటాయి. పీట్ పైనుంచి కరుగుతుంది కాబట్టి మనకు దగ్గరి శతాబ్దాల సాక్ష్యమే ముందు పోయింది.

ఇక పూడటం సంగతి. 2001లో మొదలైన గ్రేట్ ఫెన్ పథకం కింద అక్కడి పొలాలు కొని నీటిమట్టం పెంచుతున్నారు. నీరు నిలిచిన చోట కుంగడం తగ్గుతుంది. పోయిన మందం మాత్రం అన్నీ అనుకూలించినా ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే చేరుతుంది.