జావాస్క్రిప్ట్‌లో వార్, లెట్, కాన్‌స్ట్: దేన్ని ఎప్పుడు వాడాలి?

వేరియబుల్ డిక్లేర్ చేయడానికి ఉన్న ఈ మూడు కీవర్డ్‌లలో మామూలుగా కాన్‌స్ట్‌తోనే మొదలుపెట్టండి, ఆ పేరుకు తర్వాత వేరే విలువ ఇవ్వాల్సి వస్తేనే లెట్‌కి మార్చండి, కొత్త కోడ్‌లో వార్ జోలికి వెళ్లకండి.

కారణం స్కోప్, అంటే ఒక వేరియబుల్ కోడ్‌లో ఎంత మేర కనిపిస్తుందనేది. వార్‌తో డిక్లేర్ చేసిన వేరియబుల్ ఫంక్షన్ మొత్తానికీ చెందుతుంది. ఇఫ్‌లోనో లూప్‌లోనో రాసినా ఆ బ్రాకెట్లు దాటి బయటికి వచ్చేస్తుంది. పైగా డిక్లేర్ చేసిన లైను కంటే ముందే చదివితే ఎర్రర్ రాదు, అన్‌డిఫైన్డ్ వస్తుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం. 2015లో వచ్చిన లెట్, కాన్‌స్ట్ తమ బ్లాక్ (కర్లీ బ్రాకెట్ల మధ్య ఉన్న కోడ్) దాటవు. ముందే ముట్టుకుంటే రిఫరెన్స్ ఎర్రర్ అక్కడికక్కడే పడుతుంది.

ఫర్ లూప్‌లో ఐ 0 నుంచి 2 వరకు తిరుగుతూ, లోపల సెట్‌టైమ్‌అవుట్ 100 మిల్లీసెకన్ల తర్వాత ఐని ప్రింట్ చేస్తోందనుకుందాం. వార్ ఐ అని రాస్తే 3, 3, 3 వస్తుంది. మూడు కాల్‌బ్యాక్‌లకూ (సెట్‌టైమ్‌అవుట్ తర్వాత నడిపే ఫంక్షన్లకూ) ఉన్నది ఒకే ఐ. అవి నడిచేసరికి లూప్ అయిపోయి అది 3కి చేరి ఉంటుంది. లెట్ ఐ అంటే ప్రతి చుట్టుకీ కొత్త ఐ పుడుతుంది కాబట్టి 0, 1, 2. ఇక్కడే కాన్‌స్ట్ పెడితే మొదటి చుట్టు అయ్యాక ఐ ప్లస్ ప్లస్ దగ్గర టైప్ ఎర్రర్. ఫర్ ఆఫ్ లూప్‌లో మాత్రం కాన్‌స్ట్ నిక్షేపంగా పనిచేస్తుంది.

కాన్‌స్ట్ అంటే విలువ మారదని చాలామంది అనుకుంటారు. మారనిది పేరుకీ విలువకీ ఉన్న ముడి మాత్రమే. కాన్‌స్ట్ అర్రేకి పుష్ చేయొచ్చు, ఆబ్జెక్ట్‌లో ప్రాపర్టీ మార్చొచ్చు. ఈక్వల్ టు పెట్టి కొత్త అర్రే ఇవ్వబోతేనే ఎర్రర్. లోపలిదీ కదలకూడదంటే ఆబ్జెక్ట్ డాట్ ఫ్రీజ్ వాడాలి. అదీ పై పొరనే బిగిస్తుంది. లోపల ఇంకో ఆబ్జెక్ట్ ఉంటే దాన్ని విడిగా ఫ్రీజ్ చేయాలి.